ఎడమచేతి థ్రాటిల్

లిఫ్టుల రిపేరు షెడ్డు, పై గది
జూన్ 10

కందిరీగకి,

ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. ఒకందుకు ఇదే నయం. ఫోన్‌లో అయితే నువ్వో అరుపు, నేనో అరుపు, మధ్యలో మీ పిన్ని వచ్చి ఫోన్ లాక్కోవడం. కాగితాన్ని ఎవరూ లాక్కోరు.

మీ నాన్న కుడి భుజం కట్టు ఇంకా విప్పలేదు. ఎముక అతుక్కోవడానికి ఇంకా నాలుగు నెలలైనా పడుతుందట. ముప్పై రెండేళ్ళు బస్సు నడిపిన మనిషి, ఇప్పుడు చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పొద్దున్నే మెట్ల కింద నించుని నన్ను కేకేస్తున్నాడు. నేను దిగి వెళ్ళి పెడుతున్నాను. నువ్వు మాత్రం ఆ ఆదివారం ఆసుపత్రి గుమ్మంలోంచే బస్సెక్కి నీ ఉద్యోగానికి వెళ్ళిపోయావు. మూడు వారాలు దాటింది. ఒక్క ముక్క లేదు. ఏమనుకోవాలి నిన్ను?

అసలు సంగతికొస్తాను. మన రిమోట్ విమానాల మైదానానికి తాళం పడింది. 'మనిషికి దెబ్బ తగిలింది. తప్పెవరిదో రాసి ఇవ్వండి, అప్పటిదాకా ఒక్క విమానం లేవడానికి వీల్లేదు' అని స్థలం యజమాని కూర్చున్నాడు. నలభై మంది విమానాలు అటకెక్కాయి. మన క్లబ్బు ప్రెసిడెంటు, అదే మందుల షాపాయన, రోజూ నా షెడ్డుకొచ్చి ఉసూరుమంటూ నిలబడుతున్నాడు. క్లబ్బుకి సేఫ్టీ ఆఫీసర్ని నేను. ఆ విమానాన్ని పరీక్ష చేసి చీటీ మీద సంతకం పెట్టింది నేను. ఎగరేసింది నా అన్న కూతురు. నా మొహం ఎక్కడ పెట్టుకోను?

ఇందులో టైపు చేయించిన కాగితం ఉంది. 'నా చేతి పొరపాటు వల్ల విమానం అదుపు తప్పింది' అని ఒక్కటే వాక్యం. కింద సంతకం పెట్టి పంపు. ఏడాది పాటు నిన్ను మైదానంలోకి రానివ్వరు, అంతే. ఉరేమీ తియ్యరు.

పదేళ్ళప్పుడు నా మోకాళ్ళ మధ్య నించోబెట్టుకుని ఎగరెయ్యడం నేర్పాను నీకు. ఆ విలువైనా ఉంచు.

నీ బాబాయ్


పళ్ళ సెట్లు చేసే ల్యాబ్, వెనక బల్ల
జూన్ 19

బాబాయ్‌కి,

సంతకం పెట్టను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో 'అసలేం జరిగిందే' అన్న ప్రశ్న ఎక్కడుందా అని వెతికాను. లేదు. కాగితం టైపు చేయించడానికి తీరిక దొరికింది, అడగడానికి దొరకలేదు. అడక్కపోయినా చెప్తాను.

నాన్న జన్మలో మొదటిసారి మైదానానికి వచ్చాడు. 'స్టీరింగు నా చేతిలో లేని బండి ఎక్కను, ఎక్కించుకోని బండిని చూడను' అనే మనిషిని నాలుగేళ్ళు బతిమాలి తెచ్చాను. నీడలో ఉంటుందని రేకుల షెడ్డు కింద కుర్చీ వేశాను. ఆ విమానం నేను చేసింది. ఎనిమిది నెలలు ఈ బల్ల మీదే, పని అయ్యాక కూర్చుని, కట్టుడు పళ్ళకి మైనం చెక్కే చాకుతో రెక్కలు చెక్కాను. మొదటి రెండు చుట్లు ఎంత బాగా వచ్చాయో నువ్వూ చూశావు. నాన్న లేచి నించున్నాడు. చప్పట్లు కొట్టబోయాడు కూడా.

మూడో చుట్టులో, మైదానం ఆ చివర, విమానం ముక్కు ఒక్కసారి పైకెత్తింది. నేనెత్తలేదు. అలా వెనక్కి పల్టీ, మళ్ళీ పల్టీ, మళ్ళీ పల్టీ. గాలి దాన్ని షెడ్డు వైపు తోసుకొస్తోంది. నేను మోటారు తగ్గించాను, తగ్గలేదు. ముక్కు దించాను, దిగలేదు. చివరికి రెండు చేతులూ ఎత్తేసి 'నాన్నా, లే' అని అరిచాను. అది వచ్చి నాన్న భుజానికే కొట్టుకుంది, ఆ తర్వాతది నువ్వు చూసిందే కదా.

నేను పారిపోయానంటావు. ఆసుపత్రిలో నాన్న నాతో ఏమన్నాడో నీకు తెలుసా? నీకు తెలీదు, నువ్వు అప్పుడు మందులకెళ్ళావు. అది నీకు చెప్పను.

విరిగిన ముక్కలూ, నేను చేత్తో పట్టుకుని ఎగరేసే ట్రాన్స్‌మిటరూ నీ దగ్గరే ఉండిపోయాయి. ఉన్నవి ఉన్నట్టు పంపు. నేను చూసుకుంటాను.

కందిరీగ


లిఫ్టుల రిపేరు షెడ్డు, పై గది
జూలై 1

కందిరీగకి,

ఆడలేక మద్దెల ఓడు అన్నదట వెనకటికి నీలాంటిదే. ఎత్తలేదట, దించిందట, తగ్గించిందట! మరి నీ విమానానికి పూనకం వచ్చిందా?

సరే, చదువుకున్నదానివి కదా, లెక్కగా చెప్తాను విను. సిగ్నల్ పోతే ఏం కావాలి? ఫెయిల్‌సేఫ్ పని చెయ్యాలి. ట్రాన్స్‌మిటర్ మాట వినబడని మరుక్షణం విమానంలోని రిసీవర్ మోటారు ఆపేసి, రెక్కలు తిన్నగా ఉంచి, విమానాన్ని మెల్లగా నేలకి జారనివ్వాలి. లిఫ్టు తాడు తెగితే బ్రేకులు పక్కనున్న ఇనప పట్టాలని బిగించి పట్టుకున్నట్టే. నలభై ఏళ్ళుగా నేను బతుకుతున్నది ఆ బ్రేకుల మీద. నీ విమానంలో మోటారు ఆగలేదు. కాబట్టి సిగ్నల్ పోలేదు. సిగ్నల్ పోలేదంటే అది వింటున్నది నీ చేతినే. ఫెయిల్‌సేఫ్ సరిగ్గా ఉందని చీటీ మీద నా సంతకం ఉంది. ఇంకేం కావాలి నీకు?

నాన్న చూస్తున్నాడని చెయ్యి వణికింది. వణుకుతుంది, అందులో తప్పు లేదు. ఒప్పుకోకపోవడం తప్పు.

అసలు నిన్ను అని ఏం లాభం. మొదటి నుంచీ నా మాట వింటేగా. మోటారు వేగం, అదే థ్రాటిల్, కుడిచేతి స్టిక్ మీద ఉండాలి, తోక ఎడమచేతి మీద ఉండాలి అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నేను ముప్పై ఏళ్ళుగా అలాగే ఎగరేస్తున్నాను. నువ్వు మాత్రం ఆ ఊరెళ్ళగానే వాళ్ళెవరినో చూసి ఎడమచేతి థ్రాటిల్ సెట్టు కొన్నావు. పోనీ అదైనా సరైన సరుకా? ఆ రోజు పొద్దున పాత రిసీవర్ మొరాయిస్తే, నువ్వు మీ నాన్నని తేవడానికి వెళ్ళినప్పుడు, కొత్తది బిగించి జత చేసింది నేనే కదా. ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తే ఒకటే కూత. చెవులు చిల్లులు పడ్డాయి. మెనూలోకి వెళ్ళి ఆ కూత ఆపేస్తే గానీ పని కాలేదు. అంత చేసినవాడికి ఇప్పుడు నువ్వు పెట్టే బహుమానం ఇది!

ముక్కలు తుక్కులో వేసేశాను. కాగితం మీద సంతకం పెట్టి పంపు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఇంట్లో గొడవ ఇంట్లోనే ఉండనీ.

బాబాయ్


పళ్ళ సెట్లు చేసే ల్యాబ్, వెనక బల్ల
జూలై 20

క్లబ్బు సేఫ్టీ ఆఫీసరు గారికి,

మీరు తుక్కులో వేసేశానన్న ముక్కలు నిన్న పార్సిల్లో నాకు అందాయి. అట్టపెట్టె మీద పిన్ని చేతి రాత. లోపల ఉత్తరం లేదు. విమానం తోక, మోటారు, రిసీవర్, బ్యాటరీ, నా ట్రాన్స్‌మిటర్, అన్నీ మీ షెడ్డు పాత గుడ్డల్లో చుట్టి ఉన్నాయి.

ఏరియల్ తీగ రిసీవర్ నుంచి ఊడి ఉంది. పడ్డాక ఊడిందని మీరంటారు, గాల్లోనే ఊడిందని నేనంటాను. తేల్చేవాళ్ళు లేరు, వదిలేద్దాం.

ఇప్పుడు నేను చేసింది చెప్తాను. తోకని ప్లాస్టర్ అచ్చుల మధ్య నిలబెట్టాను. ప్రొపెల్లర్ తీసేశాను. ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి, థ్రాటిల్ పూర్తిగా కిందికి దించి, బ్యాటరీ తగిలించాను. తీగ ఊడినా దగ్గరే కాబట్టి సిగ్నల్ అందింది, అంతా బుద్ధిగా ఉంది. నా బొటనవేలు ఎటు కదిలితే తోక పలక అటు కదిలింది. అప్పుడు ట్రాన్స్‌మిటర్ ఆపేశాను.

మోటారు ఆగాలి కదా, మీ లెక్క ప్రకారం? గిర్రున లేచింది. సగం వేగంతో తిరుగుతూనే ఉంది. తోక పలక టక్కున పైకి లేచి, ఎంత లేవగలదో అంత లేచి, అక్కడే బిగుసుకుపోయింది. సగం మోటారు, నిండా ఎత్తిన తోక. గాల్లో ఉన్న విమానం అలా ఉంటే ఏం చేస్తుందో మీకు నేను చెప్పాలా? వెనక్కి పల్టీ. మళ్ళీ పల్టీ. మళ్ళీ పల్టీ.

నేను పదకొండుసార్లు చేశాను. పదకొండుసార్లూ అంతే. భోజనం నుంచి తిరిగొచ్చిన పక్క బల్ల అమ్మాయి 'ఏమైంది, ఎందుకేడుస్తున్నావు' అంది. నాకు ఏడుస్తున్నట్టు తెలీదు.

ఆ రిసీవర్‌కి తనంతట తనకి తెలివి లేదు. ట్రాన్స్‌మిటర్‌తో జత చేసే క్షణంలో స్టిక్‌లు ఎక్కడ ఉంటే, సిగ్నల్ పోయినప్పుడు అక్కడికి పొమ్మన్నారని గుర్తుపెట్టుకుంటుంది. ఇది నాకు నేర్పింది మీరే. 'జత చేసేటప్పుడు థ్రాటిల్ కిందికి లాగి పట్టుకో, తోక మధ్యలో ఉంచు' అని ఎన్నిసార్లు చెప్పారో. మీరు ఆ రోజూ అదే చేశారు. థ్రాటిల్ కిందికి లాగి పట్టుకున్నారు, తోక మధ్యలో ఉంచారు. మీ అలవాటు ప్రకారం! కుడి స్టిక్ కిందికి, ఎడమ స్టిక్ మధ్యలో. కాకపోతే అది మీ సెట్టు కాదు, నాది. నా సెట్టులో కుడి స్టిక్ అంటే తోక, కిందికి లాగితే పలక పైకి లేస్తుంది. ఎడమ స్టిక్ అంటే మోటారు. కుడి స్టిక్‌కి స్ప్రింగు ఉంటుంది, వదిలితే వెనక్కి తంతుంది. అయినా మీ వేలు వదల్లేదు. ఇక ఆ కూత! థ్రాటిల్ సగం పైకి ఉంది, దించరా బాబూ అని ఆ పెట్టె మొత్తుకుంటుంటే, దాని నోరు నొక్కేశారు.

ఎడమచేతి థ్రాటిల్ వాళ్ళెవరూ అలా జత చెయ్యలేరు. చెయ్యాలన్నా చేతకాదు. అది మీ బొటనవేలే.

సరే, చేతులు పొరబడతాయి. కానీ ఎగరేసే ముందు ట్రాన్స్‌మిటర్ ఒక్కసారి ఆపి, మోటారు ఆగిందో లేదో చూస్తే అర నిమిషంలో బయటపడేది. చూసినట్టు చీటీ మీద సంతకం ఉంది. చూశారా?

నాన్నకి నేనేమీ చెప్పలేదు. మీరు చెప్పండి.

మీ క్లబ్బు సభ్యురాలు


లిఫ్టుల రిపేరు షెడ్డు, పై గది
ఆగస్టు 2

కందిరీగా,

మీరు, గారు, ఆఫీసరు గారు! చెప్పు తీసుకు కొట్టినా ఇంతకంటే నయంగా ఉండేది. మాటలు ఎక్కడ నేర్చావే?

నువ్వు రాసినదానికి కాదని రాద్దామని నాలుగు కాగితాలు చింపాను. ఇది ఐదోది. ఇందులో నిజం రాస్తాను, తిట్టుకుంటే తిట్టుకో.

ప్రమాదం జరిగిన మూడో రోజు, షెడ్డులో ఎవరూ లేనప్పుడు, నువ్వు చేసిన పరీక్షే నేనూ చేశాను. తోక లేచింది. నేను ఒక్కసారే చేశాను. రెండోసారి చెయ్యడానికి చెయ్యి రాలేదు. మీ పిన్ని గుమ్మంలో నించుని చూసిందని నాకిప్పుడు అర్థమవుతోంది. ఆ పార్సిల్ నాతో చెప్పకుండా ఎందుకు పంపిందో కూడా.

చూళ్ళేదు. సరేనా? ఆ పొద్దున చూళ్ళేదు. అన్నయ్య మొదటిసారి వస్తున్నాడు, ఆయన గేటు దగ్గర దిగడం కనిపించింది, నువ్వు అక్కణ్ణుంచే చెయ్యి ఊపుతున్నావు. చీటీ తీసి సంతకం గీకేశాను. ముప్పై ఏళ్ళలో ఆ ఒక్కసారి. కుడి స్టిక్ వెనక్కి తోస్తే కొత్త సెట్టు కదా, బిగువుగా ఉందనుకున్నాను.

ఇప్పుడు నేను చెప్పేది నిదానంగా విను. ఈ ఊళ్ళో నలభై లిఫ్టులు నా సంతకం మీద ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. ముసలివాళ్ళు, పిల్లలు ఎక్కుతున్నారు. 'చూడకుండా సంతకం పెట్టాడు' అన్న మాట ఒక్కసారి పుడితే, ఏ లిఫ్టు గురించి అన్నారో ఎవడడుగుతాడు? మందుల షాపాయన ఉండే మేడలో లిఫ్టు కూడా నాదే. నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఈ వయసులో నేను కొత్తగా ఏ పని నేర్చుకోను?

నీకేం పోతుంది? ఊరికి దూరంగా ఉన్నావు. ఏడాదికి రెండుసార్లు వస్తావు. ఆడపిల్ల, నేర్చుకుంటోంది, చెయ్యి తడబడింది అంటే లోకం అయ్యో అంటుంది. నన్ను అలా అనదు. పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారు. పడవే, నా కోసం ఒక్కసారి పడు.

కాగితం మళ్ళీ ఇంకోటి పెడుతున్నాను. పాతది చింపేసి ఉంటావు, నాకు తెలుసు.

బాబాయ్


పళ్ళ సెట్లు చేసే ల్యాబ్, కడిగే గది
ఆగస్టు 11

బాబాయ్,

మూడో రోజే తెలుసా నీకు!

తెలిసి ఆ కాగితం టైపు చేయించావా? తెలిసి 'చెయ్యి వణికింది, ఒప్పుకో' అని రాశావా? నేనింకా నీకు తెలీదేమో, నేను చెప్తే అదిరిపోతావేమో అని, ఆ ఉత్తరం రాశాక రెండు రోజులు పోస్టు చెయ్యకుండా సంచీలో పెట్టుకుని తిరిగాను. నిన్ను చూసి జాలిపడ్డాను. సిగ్గుండాలి నాకు.

నాకేం పోతుందని అడిగావు కదా. పైన చూడు, ఈసారి ఎక్కణ్ణుంచి రాస్తున్నానో. వెనక బల్ల కాదు. కడిగే గది. నెల దాటింది నన్ను ఇక్కడికి మార్చి, పోయిన ఉత్తరం మీద సిగ్గుతో వెనక బల్ల అనే రాశాను. మైనంలో పన్ను చెక్కాలంటే చెయ్యి రాయిలా నిలబడాలి. నాకు నిలబడటం లేదు. చాకు పట్టుకోగానే రెక్క కనిపిస్తుంది, రెక్క కనిపించగానే షెడ్డు కనిపిస్తుంది. ఆరు సెట్లు పాడు చేశాను. సూపర్‌వైజర్ మంచాయన కాబట్టి పొమ్మనలేదు, అచ్చులు కడగమన్నాడు. ఆ పరీక్ష కూడా అందరూ భోజనాలకెళ్ళినప్పుడు నా పాత బల్ల దగ్గరికి దొంగలా వెళ్ళి చేశాను. తప్పు నీదని ఆ రోజే తెలిసింది కదా, మరి చెయ్యి ఎందుకు కుదురుకోలేదు అంటావేమో. నాకు తెలిస్తే చాలదు.

ఆసుపత్రిలో నాన్న ఏమన్నాడో చెప్పనన్నాను. ఇప్పుడు చెప్తాను. అరవలేదు. తిట్టలేదు. మంచం మీంచి నా చేతుల వైపు చూసి, 'చూసుకుని నడపొద్దటమ్మా' అన్నాడు. అంతే. ముప్పై రెండేళ్ళు ఒక్క మనిషికి గీత పడకుండా బస్సు నడిపినవాడు ఆ మాట అన్నాడు. ఆ మాటతో నేను అక్కడ నించోలేకపోయాను. అందుకే బస్సెక్కాను. దాన్ని నువ్వు పారిపోవడం అన్నావు.

నువ్వు అదే ఇంట్లో ఉంటున్నావు. రోజూ మెట్లు దిగి ఆయన బొత్తాలు పెడుతున్నావు. ఆయన నా గురించి అడిగితే ఏం చెప్తున్నావు బాబాయ్?

ఇదిగో నీ కాగితం. సంతకం పెట్టాను. ఆశ్చర్యపోకు, నాదే. ఏం రాసుందో చదవలేదు. సూపర్‌వైజర్ రోజూ సంతకాలకి ఇచ్చే చీటీల కట్టలో దీన్ని కూడా కలిపి, అన్నిటి మీదా వరసగా గీకేశాను. చూడకుండా సంతకం పెట్టడం ఎలా ఉంటుందో తెలుసుకుందామని. చాలా తేలిక. అర నిమిషం కూడా పట్టలేదు.

తీసుకెళ్ళి ప్రెసిడెంటుకి ఇచ్చుకో. ఒక్కటే షరతు. ఇచ్చే ముందు నాన్న ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చుని, ఆయనకి పైకి చదివి వినిపించు. చదవగలిగితే ఆ కాగితం నీదే.

కందిరీగ


కింది గది, అన్నయ్య మంచం పక్క
ఆగస్టు 29

కందిరీగకి,

చదవలేకపోయాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు చొక్కా బొత్తాలు పెట్టాక కూర్చున్నాను. కాగితం తీశాను. 'నా చేతి పొరపాటు వల్ల' దాకా చదివి ఆపేశాను. 'ఏంట్రా అది, ఇలా తే' అన్నాడు అన్నయ్య. ఇచ్చాను. ఆయన చదువుకుని, కింద నీ సంతకం మీద వేలు పెట్టాడు. 'పిల్లతో ఇది రాయించిందెవరు?' అన్నాడు. నేనే అన్నాను.

తోకా, మోటారూ నీ దగ్గరున్నాయి కదా. నేను ఇంకో తోక, మోటారు, రిసీవర్ తెచ్చి ఆయన మంచం మీద పరిచాను. ట్రాన్స్‌మిటర్ నీలాంటి ఎడమచేతి థ్రాటిల్ సెట్టే, క్లబ్బు కుర్రాడొకడి దగ్గర అడిగి తెచ్చాను. ఆ పొద్దున చేసినట్టే, కుడి స్టిక్ కిందికి పట్టుకుని, ఎడమది మధ్యలో పెట్టి, జత చేశాను. ట్రాన్స్‌మిటర్ ఆయన ఎడమచేతికిచ్చి, 'ఇప్పుడు దీన్ని ఆపెయ్ అన్నయ్యా' అన్నాను. ఆపాడు. మోటారు లేచింది. పలక లేచి బిగుసుకుంది.

మళ్ళీ ఆన్ చేసి, మళ్ళీ ఆపాడు. మూడుసార్లు చేశాడు. తర్వాత అన్నాడు. 'అంటే ఆ రోజు పిల్ల చేతిలో స్టీరింగే లేదన్నమాట.'

అవునన్నాను.

'నీకెప్పట్నుంచి తెలుసు?'

మూడో రోజు నుంచి అన్నాను.

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఎడమచేత్తో తన చొక్కా పై బొత్తం విప్పాడు. తర్వాత రెండోది. నేను పెట్టినవన్నీ ఒక్కొక్కటే విప్పేశాడు. విప్పి, మళ్ళీ మొదటి నుంచీ తనే పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పావుగంట పట్టింది. నేను సాయం రాబోతే 'తాకకు' అన్నాడు. ఆ రోజు నుంచీ తనే పెట్టుకుంటున్నాడు. నన్ను కేకెయ్యడం లేదు. మూడు నెలలు ఆ బొత్తాలు పెడుతూ ఆయన మొహం చూడలేక బొత్తాలే చూశాను కందిరీగా. ఇప్పుడు చూద్దామంటే ఆయన చూడనివ్వడం లేదు.

నీ సంతకం కాగితం చింపి, నా చేత్తో ఇంకోటి రాసి ప్రెసిడెంటుకి ఇచ్చాను. ఉన్నదున్నట్టు. సేఫ్టీ ఆఫీసరు పని పోయింది. మూడు మేడలవాళ్ళు లిఫ్టులకి వేరే మనిషిని పెట్టుకున్నారు. నేనన్నది నిజమైంది, సంతోషించు. రెండు వారాలుగా నలభై లిఫ్టులూ మళ్ళీ తాడు నుంచి బ్రేకు దాకా తనిఖీ చేశాను. ఒక్కదాంట్లోనూ లోపం దొరకలేదు. అది చెప్పుకుందామంటే వినేవాడు లేడు.

నీ మీద కోపం పోలేదు నాకు. ఆ సంతకం పెట్టి పంపావు చూడు, అలా కొట్టడం నీకెవరు నేర్పారే? నేనైతే నేర్పలేదు. నీ చెయ్యి పాడైందన్న మాట ఉన్న ఆ ఉత్తరాన్ని రోజూ తీసి చదువుతున్నాను. క్షమించమని రాయడానికి నాకు నోరు లేదు. రాస్తే నువ్వు ఒప్పుకోవు కూడా.

మైదానం తాళం తీశారు. దీని అడుగున అన్నయ్య ఏదో రాస్తానంటున్నాడు. కాగితం ఇస్తున్నాను.

బాబాయ్

అమ్మా నీ చెయ్యి ఎలా ఉంది
నాన్న


పళ్ళ సెట్లు చేసే ల్యాబ్, వెనక బల్ల
సెప్టెంబరు 7

బాబాయ్,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. అడుగున నాన్న రాసిన వరసని మాత్రం కడిగే గది దీపం కింద పెట్టి చూశాను. ఆ అక్షరాలు ఒకటి పైకి, ఒకటి కిందికి, 'చెయ్యి' అన్న చోట కాగితం చిరిగింది కూడా. ఎంతసేపు పట్టి ఉంటుందో ఆయనకి.

మర్నాడు సూపర్‌వైజర్‌ని అడిగి ఒక పన్ను తీసుకున్నాను. ఒక్కటే. వచ్చింది. మంగళవారం నాలుగు చెక్కాను. బల్ల మళ్ళీ ఇచ్చారు. ఈ సంగతి నాన్నకి నువ్వు చెప్పకు, ఫోన్ చేసి నేనే చెప్తాను. ఇక ఫోన్ ఎత్తుతాను, ఆయన చేస్తేనే. నువ్వు చెయ్యకు. నీ మీద కోపం ఇప్పట్లో తగ్గేది కాదు, తగ్గిందని నటించను. నీ ముప్పై ఏళ్ళ బొటనవేలిని క్షమిస్తాను. మూడు నెలలు నిజం దాచిన నోరు ఉంది చూడు, దాన్ని కాదు.

పిన్నికి చెప్పు, ఆమె ముక్కలు చుట్టి పంపిన గుడ్డలు ఉతికి పంపుతున్నానని. ఇంట్లో అందరం అరిచాం, ఆమె ఒక్కతే పని చేసింది.

వచ్చే నెల రెండో ఆదివారం వస్తున్నాను. తోక అతికించాను, రెక్క కొత్తది చెక్కుతున్నాను. నాన్న షెడ్డు కింద కూర్చోడు, నా పక్కన నించుంటాడు. రిసీవర్ నువ్వు తాకొద్దు. జత చేసే బటన్ నాన్న నొక్కుతాడు, స్టిక్‌లు నేను పట్టుకుంటాను. ఆ పెట్టె కూస్తే కూయనిద్దాం, ఎందుకు కూస్తోందో కనుక్కుందాం. తర్వాత ట్రాన్స్‌మిటర్ ఆపి, మోటారు ఆగిందో లేదో ముగ్గురం చూద్దాం. నువ్వూ రా. కంచె ఇవతలే నించో, దూరంగా పోనక్కర్లేదు. చూసింది చూసినట్టు పైకి చెప్పు, నాన్నకి వినబడేలా.

చీటీ మీద సంతకం మాత్రం నువ్వు పెట్టవు. నాన్న పెడతాడు, ఎడమచేత్తో.

కందిరీగ